క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?

ప్రశ్న: నా వయసు 46. మాది ప్రకాశం జిల్లాలో చిన్న పట్టణం. రెండేళ్లుగా పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. నొప్పి లేదు. రక్తం వచ్చేచోట బ్రష్ తగలకుండా జాగ్రత్తగా తోముకుంటున్నాను. మందుల షాపులో ఇచ్చే మాత్రలు నాలుగు రోజులు వాడితే తగ్గుతుంది, నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నాను. ఈమధ్య దంతవైద్యుడికి చూపిస్తే గార బాగా పట్టిందని, క్లీనింగ్ చేయాలని, కింది దవడలో కొన్నిచోట్ల లోతుగా శుభ్రం చేయాలని అన్నారు. మా అన్నయ్య క్లీనింగ్ చేయించుకున్న తర్వాతే ముందు పళ్లు కదిలి, ఒకటి ఊడిపోయింది. మా అత్తగారు ‘ముట్టుకోకపోతే ఉన్నన్నాళ్లు ఉంటాయి, ముట్టుకుంటే ఊడతాయి’ అంటున్నారు. మా అమ్మకు యాభై ఏళ్లకే పళ్లన్నీ పోయాయి. ఇది వంశపారంపర్యమా? పందొమ్మిదేళ్ల మా అమ్మాయికీ వస్తుందా? ఉప్పు, వేపపుల్ల లాంటివాటితో తగ్గించుకునే మార్గం లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెబుతాను. క్లీనింగ్ చేయించుకోండి. లోతుగా చేయాలన్నచోట అదీ చేయించుకోండి. ఇంకో పండుగ వెళ్లాక చూద్దాం అని వాయిదా వేయకండి.

మీ అత్తగారు అన్న మాట తెలుగునాట ఇంటింటా వినిపించేదే. అది గాల్లోంచి పుట్టిన మాటని నేను అనను. క్లీనింగ్ తర్వాత పళ్లు కదిలినవాళ్లు నిజంగానే ఉన్నారు, మీ అన్నయ్య వాళ్లలో ఒకరు. కళ్లారా చూసినదాన్ని ఎవరూ కాదనలేరు. దానికి మనం చెప్పుకున్న కారణం దగ్గరే తప్పు జరిగింది. మీ భయమంతా అక్కడే ఉంది కాబట్టి, మిగతా ప్రశ్నలకంటే ముందు దాని సంగతే చూద్దాం.

పంటిని నిలబెట్టేది దవడ ఎముక. వేరు చుట్టూ ఎముక, ఆ రెంటినీ పట్టి ఉంచే సన్నని నారపోగులు, వాటన్నిటినీ కప్పుతూ పైన చిగురు. చిగుళ్ల జబ్బు ముదిరితే ఆ నారలు తెగి, ఎముక పైనుంచి కిందికి కొద్దికొద్దిగా కరిగిపోతుంది. పందిరి గుంజ మొదట్లో మట్టి ఏటా వానకు కొట్టుకుపోతుంటే ఏమవుతుందో ఆలోచించండి. గుంజ వెంటనే పడిపోదు. పైన వాసాలకు కట్టి ఉన్నంతకాలం గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. కట్లు విప్పిన రోజున ఊగుతుంది. అప్పుడు కట్లు విప్పినవాడిని తిట్టుకుంటే లాభమేమిటి?

నోట్లో ఆ కట్ల పని గార చేస్తుంది. నాలుక కింద లాలాజలం ఊరేచోటు కింది ముందు పళ్లకు ఆనుకునే ఉంటుంది. ఆ లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు పాచిలో పేరుకుని గట్టిపడతాయి. అందుకే ఎవరి నోట్లో చూసినా గార అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది కింది ముందు పళ్ల లోపలివైపునే. ఏళ్ల తరబడి వదిలేస్తే అయిదారు పళ్లను కలిపి ఒకే దిమ్మెలా చేసేస్తుంది. లోపల ఎముక సగం పోయినా ఆ పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. క్లీనింగ్‌లో ఆ దిమ్మె పోగానే ప్రతి పన్నూ తనకు మిగిలిన ఎముకతోనే నిలబడాల్సి వస్తుంది. అన్నాళ్లూ దాగి ఉన్న కదలిక ఆరోజు బయటపడుతుంది. మరి గారను అలాగే ఉంచేస్తే పోలేదా అంటారేమో. గరుకుగా ఉండే ఆ గార మీదే కొత్త పాచి సుఖంగా కాపురం పెడుతుంది. దాని కింద ఎముక కరుగుతూనే ఉంటుంది. చివరికి ఒక పన్ను పోవాల్సినచోట ఆరు పళ్లూ కలిసి పోతాయి.

క్లీనింగ్ తర్వాత కనిపించే మరో రెండు మార్పులు కూడా జనాన్ని బెదరగొడతాయి. మొదటిది, పళ్ల మధ్య కొత్తగా సందులు. గార నిండిన చోటు ఖాళీ అవుతుంది, ఉబ్బిన చిగురు వాపు తగ్గి తన అసలు మట్టానికి దిగుతుంది, దాంతో సందు కనబడుతుంది. రెండోది, చల్లనీళ్లు తాగితే జివ్వుమనడం. గార కప్పిన వేరు భాగం బయటపడటం వల్ల వచ్చేది ఇది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, తగ్గకపోతే దానికి వాడే పేస్టులు ఉన్నాయి. ఇక పంటి పైపొర అరిగిపోతుందేమోనన్న అనుమానం. ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం. క్లీనింగ్ యంత్రం కొన మొద్దుగా ఉంటుంది. సెకనుకు పాతికవేల సార్లకు పైగా అదిరి గారను పగలగొడుతుంది, నీళ్లు దాన్ని కడిగేస్తుంటాయి. తెలిసిన చేతుల్లో దానివల్ల పన్ను అరగదు.

మీ అన్నయ్యగారి నోరు చూడకుండా ఆయన సంగతి ఖాయంగా చెప్పలేను. కానీ రెండు విషయాలు ఆయన్ని అడగండి. క్లీనింగ్ అయ్యాక మళ్లీ ఎప్పుడైనా వెళ్లారా? పొగాకు అలవాటు ఉందా, అంటే సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ, ఏదైనా? పొగతాగేవాళ్లలో చిగుళ్ల జబ్బు మరింత వేగంగా ముదురుతుంది. పైగా రక్తస్రావం తక్కువగా కనిపిస్తుంది. రక్తం రావడం లేదు కదా అని నిశ్చింతగా ఉంటారు, తీరా పళ్లు ఊగేటప్పుడు వస్తారు. ఆయనకు మిగిలిన పళ్లున్నాయి కదా. మీతోపాటు ఆయన్నీ తీసుకెళ్లండి.

ఇక మీ నోటి సంగతి. రాత్రి పడుకుని లేచేసరికి పళ్ల మీద జిగురుగా తగిలే పాచి అంతా సూక్ష్మజీవుల కాపురమే. రోజూ తీసేస్తే దానివల్ల ప్రమాదం లేదు. చిగురు అంచున రోజుల తరబడి ఉండిపోతే దాన్ని ఎదుర్కోవడానికి శరీరం అక్కడికి రక్తం ఎక్కువగా పంపుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, ముట్టుకుంటే రక్తం చిమ్ముతుంది. ఇది ఎవరో ఊహించి చెప్పింది కాదు. 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లో అనే దంతవైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, చిగుళ్లు బాగున్నవాళ్లే. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టగానే వారం పదిరోజుల్లో పోయింది. ఎవరూ మాత్ర వేసుకోలేదు.

ఆ ప్రయోగం ఫలితాన్ని మీ అలవాటు పక్కన పెట్టి చూడండి. రక్తం వచ్చేచోటు బ్రష్ తగలకుండా తోముకుంటున్నానని రాశారు. అంటే పాచి ఎక్కడ ఎక్కువగా ఉందో సరిగ్గా అక్కడే రెండేళ్లుగా దాన్ని వదిలేస్తున్నారు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం అదే, షుగర్ కంటే కూడా. రక్తం రావడానికి కారణం బ్రష్ కాదు, దాని కిందున్న వాపు. మెత్తని బ్రష్‌తో ఆ చోటును రోజూ శుభ్రం చేస్తే మొదట్లో రక్తం వస్తుంది, పాచి వల్ల వచ్చిన వాపు అయితే కొద్దిరోజుల్లో తగ్గుముఖం పడుతుంది. అలా చేసినా తగ్గకపోతే చిగురు కింద బ్రష్‌కు అందని గార ఉందన్నమాట. మీకు అదీ ఉందని డాక్టరు చెప్పనే చెప్పారు.

వాపు చిగురు వరకే ఉంటే పూర్తిగా నయమవుతుంది, మచ్చ కూడా మిగలదు. అది లోపలికి దిగి నారలను, ఎముకను పట్టుకుంటే పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు. అక్కడితో ఆపడం మాత్రం సాధ్యమే. మన పెద్దవాళ్లు పయోరియా అనేది ఈ రెండో దశనే. ఒకటో దశ నుంచి రెండో దశకు దాటేటప్పుడు గంట మోగదు. పిప్పిపన్ను రాత్రంతా నిద్రపోనివ్వదు, అందుకే దానికి మనిషి పరుగెత్తుకొస్తాడు. చిగుళ్ల జబ్బు నొప్పి లేకుండా ఏళ్ల తరబడి తన పని తాను చేసుకుపోతుంది. నొప్పి లేదు అని మీరు ధైర్యంగా రాశారు. అది ధైర్యం చెప్పే సంగతి కాదమ్మా.

మాత్రల విషయం చెప్పాలంటే నాకు కాస్త కోపం వస్తుంది. మీ మీద కాదు, చీటీ లేకుండా యాంటీబయాటిక్‌ను చాక్లెట్లలా అమ్మేవాళ్ల మీద. పాచిలోని సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగురు పొర కట్టుకుని ఉంటాయి. మాత్రలోని మందు ఆ పొరను దాటి సరిగా పనిచేయలేదు. పైపైన వాపు తగ్గుతుంది, గార అక్కడే ఉంటుంది, నెల తిరిగేసరికి కథ మొదటికొస్తుంది. మీరు రాసింది అచ్చం అదే. కొన్ని రకాల జబ్బుల్లో, చీము పట్టి ముఖం వాచినప్పుడు, డాక్టరే యాంటీబయాటిక్ ఇస్తారు. అప్పుడు కూడా శుభ్రం చేయడంతోపాటు ఇస్తారు, దాని బదులుగా కాదు. ఇలా మాటిమాటికీ అరకొరగా వాడుతుంటే రేపు నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు.

షుగర్ సంగతి. రక్తంలో చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు త్వరగా వస్తుంది, త్వరగా ముదురుతుంది, మానడం ఆలస్యమవుతుంది. ఇది చాలామందికి తెలుసు. ఎదురుదారి కూడా ఉందని తక్కువమందికి తెలుసు. చిగుళ్లలో ఏళ్లుగా రగిలే వాపు చక్కెర అదుపును కూడా చెడగొడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు చిగుళ్ల చికిత్స చేసి మూడు నాలుగు నెలల తర్వాత చూస్తే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష అంకె, సగటున 0.4 వరకు తగ్గినట్టు పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ మీ షుగర్ డాక్టరును అడిగితే దాని విలువ చెబుతారు. ఒక్క జాగ్రత్త: క్లీనింగ్‌కు పరగడుపున వెళ్లకండి. పొద్దున టిఫిను తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకునే వెళ్లండి.

అమ్లోడిపిన్ గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాల్సిందే. ఆ మందు కొంతమందిలో చిగుళ్లను పెరిగేలా చేస్తుంది. పళ్ల మధ్య చిగురు గడ్డల్లా ఉబ్బి పంటిని కొంతవరకు కప్పేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్‌తోనూ ఇలా జరుగుతుంది. పాచి ఎక్కువగా ఉన్నవాళ్లలోనే ఈ పెరుగుదల ఎక్కువ. ఇది చదివి రేపటి నుంచి బీపీ మాత్ర మానేయకండి, దయచేసి! దంతవైద్యుడికి ఆ మందు వాడుతున్నానని చెప్పండి. అవసరమనుకుంటే ఆయన మీ బీపీ డాక్టరుకు రాస్తారు, వాళ్లు వేరే మందుకు మార్చగలరు. గుండెకోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లకూ ఇదే మాట. చెప్పండి, సొంతంగా ఆపకండి.

వంశపారంపర్యమా అన్నారు. కొంతవరకు అవును. దీనికి శ్రీలంక తేయాకు తోటల నుంచి మంచి సాక్ష్యం ఉంది. ఇందాక చెప్పిన హారాల్డ్ లో బృందమే 1970 నుంచి పదిహేనేళ్లపాటు అక్కడి 480 మంది మగ కూలీల పళ్లను పరీక్షిస్తూ వచ్చింది. వాళ్లకు పళ్లు తోముకునే అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు. అందరి నోళ్లలోనూ పాచి, గార, వాపు. తిండి, పని, బతుకు ఇంచుమించు ఒకటే. అయినా అందరికీ పళ్లు ఒకేలా పోలేదు. నూటికి 8 మందిలో జబ్బు శరవేగంగా ముదిరి, నలభై అయిదేళ్లకే దాదాపు పళ్లన్నీ పోయాయి. 81 మందిలో నింపాదిగా నడిచింది. 11 మందిలో చిగుళ్ల వాపు దగ్గరే ఆగిపోయింది, ఎముక చెక్కుచెదరలేదు. పాచికి ఒక్కొక్కరి శరీరం ఒక్కోలా స్పందిస్తుందన్నమాట. ఆ స్పందనలో పుట్టుకతో వచ్చే భాగం ఉంది. ‘మా తాత ఎప్పుడూ బ్రష్ ముట్టలేదు, ఎనభై ఏళ్లకు చెరకు నమిలేవాడు’ అని మీకెవరైనా చెబితే ఆయన ఆ పదకొండు మందిలో ఒకరనుకోండి. మీ అమ్మగారి సంగతి చూస్తే మీరు ఆ జాబితాలో ఉంటారని ఆశ పెట్టుకోవడం మంచిది కాదు. అయితే ఆవిడకు అన్ని పళ్లూ పోవడానికి రక్తసంబంధం ఒక్కటే కారణమై ఉండదు. ఆ రోజుల్లో కదిలిన పన్ను తీసేయడం తప్ప వేరే వైద్యం ఎంతమందికి అందింది?

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కొలత పుల్లను పంటికీ చిగురుకూ మధ్య దించి లోతు చూస్తారు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఆరోగ్యం. నాలుగైతే అనుమానం, అయిదారు అంటే అక్కడ చిగురు పంటిని వదిలి సంచిలా తయారైందని అర్థం. ఎక్స్‌రేలో ఎముక ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఈ కొలతలు తీయకుండా నేరుగా యంత్రం పట్టుకున్నారంటే, కొలిచి రాయమని మీరే అడగండి. నోటిలోని ప్రతి పంటికీ చుట్టూ ఆరు చోట్ల కొలవాలి. విసుగు పుట్టించే పనే కానీ, రేపు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి ఆ కాగితమే ఆధారం. లోతైన చోట్ల మత్తు ఇచ్చి చిగురు కింద వేరును నున్నగా శుభ్రం చేస్తారు, ఒకటి రెండు విడతల్లో పూర్తవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలుస్తారు. అప్పటికీ లోతు తగ్గనిచోట చిగురును కాస్త తెరిచి శుభ్రం చేసే చిన్న శస్త్రచికిత్స అవసరపడవచ్చు. అలాంటప్పుడు చిగుళ్ల వైద్యంలో ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) చేసిన నిపుణుల దగ్గరికి వెళ్లడం మేలు. వీళ్లను పీరియోడాంటిస్ట్ అంటారు.

ఖర్చు భయపెడితే దంతవైద్య కళాశాలలున్నాయి. విజయవాడ, కడప, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు కళాశాలల ఔట్‌పేషెంటు విభాగాల్లోనూ బయటికంటే బాగా తక్కువకు చేస్తారు. విద్యార్థి చేస్తాడు, అధ్యాపకుడు పక్కన నిలబడి చూస్తాడు. సమయం ఎక్కువ పడుతుంది, అంతే. కొలతలు మాత్రం అక్కడ తప్పకుండా రాస్తారు, పరీక్షలో మార్కులుంటాయి మరి. వైద్యం అయిపోయాక మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. ఒకసారి చేయించాను కదా అని వదిలేస్తారు, పాచి మళ్లీ దిగుతుంది, అయిదేళ్ల తర్వాత పన్ను కదిలితే ఆ క్లీనింగ్‌నే తిడతారు.

మీది ప్రకాశం జిల్లా అన్నారు కాబట్టి ఒక పక్కమాట. కనిగిరి, దర్శి, పొదిలి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1937లోనే ఆ సంగతి వైద్య పత్రికలకెక్కింది, అప్పుడది నెల్లూరు జిల్లా. చిన్నప్పుడు ఆ నీళ్లు తాగినవాళ్ల ముందు పళ్ల మీద పసుపు, గోధుమరంగు మచ్చలు ఉంటాయి. అవి గార కావు, పంటి లోపలే ఉన్న మచ్చలు. క్లీనింగ్‌తో పోవు. మీకు అవి ఉంటే, డబ్బు పోసినా మరక అలాగే ఉందని తర్వాత బాధపడకండి.

ఇంట్లో చేయాల్సింది. మెత్తని బ్రష్ తీసుకోండి. కుచ్చును పంటి మీద కాకుండా పన్నూ చిగురూ కలిసేచోట ఏటవాలుగా ఆనించి, అక్కడికక్కడే చిన్నగా కదిలించండి. అడ్డంగా బరబరా రుద్దితే చిగురు దిగిపోతుంది, పంటి మొదట్లో గాడి పడుతుంది. కింది ముందు పళ్ల లోపలివైపు బ్రష్‌ను నిలువుగా పట్టుకోవాలి. అక్కడికి బ్రష్ పోనివ్వనివాళ్లే ఎక్కువ. రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఒక్కసారే కుదిరితే రాత్రిపూట తోముకోండి, పొద్దున మానినా పరవాలేదు. మన ఇళ్లలో దీనికి సరిగ్గా తిరగబడిన అలవాటు ఉందని నాకు తెలుసు. బ్రష్ ఎంత బాగా వాడినా పళ్ల సందుల్లోకి దూరదు, జబ్బు మొదలయ్యేది ఆ సందుల్లోనే. సందులు బిగుతుగా ఉంటే ఫ్లాస్ దారం, సందులు పడినవాళ్లకైతే సీసాలు కడిగే బ్రష్ ఆకారంలో ఉండే బుల్లి బ్రష్‌లు. మీ సందులకు ఏ సైజు సరిపోతుందో డాక్టరునే అడిగి తీసుకోండి. నా లెక్కలో మీ పళ్లను కాపాడే వస్తువు ఏదైనా ఒక్కటే చెప్పమంటే ఆ బుల్లి బ్రష్ పేరే చెబుతాను, ఖరీదైన పేస్టు పేరు చెప్పను.

ఉప్పునీళ్లు గోరువెచ్చగా పుక్కిలిస్తే వాచిన చిగురుకు హాయిగా ఉంటుంది, చేసుకోండి. గారను మాత్రం ఉప్పునీళ్లు కరిగించలేవు, ఇంట్లో పుక్కిలించే ఇంకే ద్రావణమూ కరిగించలేదు. ఉప్పురవ్వలతో నేరుగా చిగుళ్లు రుద్దకండి. వేపపుల్లను నేను తక్కువ చేసి మాట్లాడను. బాగా నమిలి మెత్తగా కుచ్చు చేసి, తీరిగ్గా వాడేవాళ్ల పళ్లు శుభ్రంగానే ఉంటాయి. చిక్కల్లా లోపలివైపుకు, వెనక దవడ పళ్లకు అది అందకపోవడమే. కచిక, బొగ్గు, ఇటుకపొడి మాత్రం వద్దే వద్దు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అని ఊరికే అనలేదు. ఈమధ్య నల్లని బొగ్గు పేస్టులు అందమైన డబ్బాల్లో వస్తున్నాయి, అదీ ఆ రాయే. నువ్వుల నూనె పుక్కిలించడం ఒకప్పుడు మన దగ్గర ఊరూరా పాకింది. హాని లేదు, కానీ బ్రష్‌కు బదులు కాదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టరు రాస్తే రెండు వారాలు వాడండి, అంతకు మించి సొంతంగా పొడిగించకండి. పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకు రుచి మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే దాని పని తగ్గుతుంది, అరగంట ఆగండి.

విటమిన్ సి లోపమేమోనని మాత్రలు మింగేవాళ్లూ ఉన్నారు. జామకాయ, ఉసిరి, నిమ్మకాయ తినే ఇళ్లలో ఆ లోపంతో చిగుళ్లు కారడం అరుదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఏమీ తగలకుండానే దానంతట అదే రక్తం కారుతున్నా, జ్వరం ఉన్నా, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపించినా దంతవైద్యుడి కోసం ఎదురుచూడకుండా అదేరోజు రక్తపరీక్ష చేయించాలి. డెంగీ కావచ్చు, రక్తానికి సంబంధించిన పెద్ద జబ్బూ కావచ్చు. మీ లక్షణాలు అలాంటివి కావు.

పరీక్ష చేశాక ఏదో ఒక పన్ను నిలవదు, తీసేయాలి అని చెబితే ఇంకో మాట ఎదురవుతుంది, సిద్ధంగా ఉండండి. పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందంటారు. పోదు. కంటికి వెళ్లే నరం వేరు, పంటికి వెళ్లే నరం వేరు.

మీ అమ్మాయికి పందొమ్మిదేళ్లు. ఆ వయసులో రక్తం వస్తున్నా చాలావరకు పైపై వాపే ఉంటుంది, శుభ్రతతో పోతుంది. అరుదుగా ఒక రకం ఉంది. పాచి, గార పెద్దగా లేకుండానే ముందు పళ్ల దగ్గర, మొదటి దవడ పళ్ల దగ్గర ఎముక వేగంగా పోతుంది. యౌవనంలోనే మొదలవుతుంది, కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అద్దంలో చూస్తే చిగుళ్లు బాగున్నట్టే ఉంటాయి కాబట్టి కొలిస్తే తప్ప తెలియదు. అమ్మమ్మకు యాభైకే పళ్లు పోయాయని చెప్పి, అమ్మాయికీ ఒకసారి కొలతలు తీయించండి. బాగుంటే ఏడాదికోసారి చూపిస్తే చాలు. రేపు పెళ్లయి గర్భం దాల్చినప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్లు ఎక్కువగా ఉబ్బుతాయి. ఆ సమయంలోనూ క్లీనింగ్ చేయించుకోవచ్చని అప్పటికి గుర్తుంచుకుంటే సరిపోతుంది.

వెళ్లేముందు మీరు ఒక హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని ఆ కాగితం దంతవైద్యుడికి చూపించండి. చికిత్స పూర్తయిన మూడు నెలలకు మళ్లీ చేయించండి. అంకె ఎటు కదిలిందో, చిగుళ్ల కొలతలు ఎంత తగ్గాయో రెండూ నాకు రాయండి.